దాలమ్మ పలక కింద దీపం

పలక రోజు 301

పాత పుస్తకం నిండిపోయింది. కొత్తది ఇస్తూ వార్డు ఆఫీసు అమ్మాయి, మొదటి పేజీలో ఎవరు, ఏమిటి అన్నది మళ్ళీ రాయాలంది. రాస్తున్నాను.

నా పేరు సన్యాసమ్మ. అద్దాలదిబ్బ, మూడో వరస, పదకొండో ఇల్లు. మా ఆయన పేరు సింహాద్రి. మా వరసకి పడమర వైపు, పాత అద్దాలు కాల్చే బట్టీలో సరుకు దింపే పని. మా అమ్మాయి దాలమ్మ. పందొమ్మిదేళ్ళు. పోయి ఇవాళ్టికి మూడు వందల ఒక్క రోజు.

దాలమ్మ ఊపిరితిత్తుల్లో మసి ఉందని పెద్దాసుపత్రి వాళ్ళు కాగితం మీద రాసిచ్చారు. అలాంటి కాగితం వచ్చిన ఇంటి గుమ్మం పక్కన ఊపిరి కోర్టు వారు, మనిషి పోయిన రోజే ఒక తెల్ల పలక బిగిస్తారు. దాని మీద పోయిన మనిషి పేరు ఉంటుంది. ఏడాది పాటు ఆ మనిషి సాక్షి అన్నమాట. గాలిలో వచ్చే మసి రోజంతా పలక మీద పడుతుంది. సాయంత్రం ఆరింటికి అంకె వెలుగుతుంది. తెల్లారేసరికి పలక దానంతట అదే తెల్లబడుతుంది. మనం తుడవకూడదు, ముట్టకూడదు. అంకె అరవై దాటితే హద్దు దాటినట్టు. వరసగా ఏ నలభై రోజుల్లోనైనా ముప్పై రోజులు హద్దు దాటితే బట్టీ ఆపాలని చట్టం.

మా పలక ఇప్పటికి రెండు వందల అరవై నాలుగు రోజులు దాటింది. అది తేల్చే విచారణకి ఇంకా ఎనిమిది రోజులుంది.

ఈ పుస్తకంలో నాలుగు సంగతులు రాస్తే చాలన్నారు. గాలి ఎటు నుంచి, వాన పడిందా, పలక దగ్గర ఎవరైనా ఏమైనా చేశారా, అంకె ఎంత. నేను ఎక్కువ రాస్తున్నాను. నేను రెండో తరగతి వరకే. మిగతా అక్షరాలు దాలమ్మ నేర్పింది. నేర్పినది మర్చిపోతానేమోనని రాస్తున్నాను. ఎక్కువైతే కొట్టేసుకోండి.

పొద్దున్న లేచి చెమ్మ యంత్రం జల్లెడ కడిగాను. గాలిలో చెమ్మ లాగి నీళ్ళిచ్చే ఆ పెట్టె లేకపోతే మాకు తాగడానికి చుక్క ఉండదు. జల్లెడ కడిగిన నీళ్ళు సిరాలా ఉన్నాయి. బట్టలు ఇంట్లోనే ఆరేశాను. మా ఆయన ముక్కుగుడ్డలు నాలుగు ఉతికాను. నాలుగూ తెల్లబడలేదు.

గాలి పడమర. వాన లేదు. పలక దగ్గర ఎవరూ ఏమీ చేయలేదు. అంకె 88.

పలక రోజు 309

ఇవాళ విచారణ. వార్డు హాల్లో గోడంత తెర మీద జడ్జి గారు కనిపించారు. మా తరఫు వకీలు విశాలాక్షి గారు పట్నం నుంచి వచ్చారు. ఇన్నాళ్ళూ ఫోనులో మాట్లాడటమే, మనిషిని చూడటం ఇదే. సన్నగా, నా కంటే పొట్టిగా ఉన్నారు.

బట్టీ కంపెనీ వకీలు కుర్రాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. నన్ను నిలబెట్టి, కూర్చుంటారా అని కూడా అడిగాడు.

"అమ్మా, మీ అమ్మాయి పలకను మీరు బాగా చూసుకుంటున్నారా?"

"సూసుకోకపోతే ఎలాగ బాబూ? నా కూతురు కాదేటి?"

"దండ వేస్తారా?"

"ముట్టుకోకూడదన్నారు కదా. ఎయ్యను."

"దీపం పెడతారా?"

"ఎడతాను."

"ఎప్పటి నుంచి?"

"బిగించిన కాడి నుంచీ. రెండు పూట్లా. ఏడాది తిరిగేదాకా ఆగకూడదు కదా బాబూ. ఒక్క పూటా మానలేదు."

"ఎక్కడ పెడతారమ్మా?"

"పలక కిందన గూడుంది, దాన్లోనే."

"ఏ నూనె?"

"నువ్వుల నూనె. పిసరంత ఆముదం కలుపుతాను, మంట నిలబడతాదని."

"చాలా సంతోషం అమ్మా" అన్నాడతను. దండం కూడా పెట్టాడు.

ఇంత మంది ఆఫీసర్లు వచ్చి అంకెలు రాసుకుని పోయారు. నా కూతురికి దీపం పెడుతున్నావా అని ఒక్కరూ అడగలేదు. ఇతను అడిగాడు కదా అని నాకు బాగానే అనిపించింది. కూర్చున్నాక చూస్తే విశాలాక్షి గారు తల దించుకుని ఉన్నారు. ఎందుకో తెలియలేదు.

గాలి పడమర. వాన లేదు. పలక దగ్గర ఎవరూ ఏమీ చేయలేదు. అంకె 84.

పలక రోజు 310

మూడు వందల తొమ్మిది రోజుల అంకెలూ కొట్టేశారు.

వార్డు ఆఫీసు అమ్మాయి చదివి వినిపించింది. సాక్ష్యంలో వేరే మసి కలిసిపోయిందట. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివింది. నాలుగోసారి అడిగితే పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. విశాలాక్షి గారు ఊరికి వెళ్ళకుండా మా ఇంటికే వచ్చారు. గుమ్మం దగ్గర నిలబడి గూడు వైపు, పలక వైపు చాలాసేపు చూశారు.

"కంపెనీ మనిషి ఎవరో ఈ దారిన పోతూ చూసినట్టున్నాడు. పలకకు మసి అంటే మసే సన్యాసమ్మ గారూ. ఏది దీపానిదో, ఏది బట్టీదో అది చెప్పలేదు."

"అంత సిన్న వత్తి కదమ్మా. నా సిటికినేలంత కూడా ఉండదు."

"చిన్నదే. కానీ ఎంతో చెప్పలేం. చెప్పలేనిది కోర్టు లెక్కలోకి తీసుకోదు."

"ముందే నన్నడగలేదేటి మరి?"

"మీరు పుస్తకంలో రాయలేదమ్మా. పలక దగ్గర ఎవరూ ఏమీ చేయలేదని రోజూ రాశారు."

"దీపమెట్టడం రాత్తారేటమ్మా? మొకం కడుక్కున్నానని రాత్తానేటి?"

ఆవిడ గడప మీద కూర్చుండిపోయారు. "తప్పు నాది. మూడు వందల రోజులు మీ అంకెలు చూశాను. మీ గుమ్మం ఒక్కసారీ చూడలేదు" అన్నారు.

తర్వాత నెమ్మదిగా చెప్పారు. వెనక చెక్క గోడకే ఉంచి, పలకను విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగిస్తారు. దానికి పదిహేను రోజులు పడుతుంది. మూడు వందల ఇరవై ఆరో రోజు నుంచి కొత్తగా లెక్క. ఆఖరి రోజు వరకు సరిగ్గా నలభై. అందులో ముప్పై రోజులు హద్దు దాటాలి. ఆ నలభై రోజులూ ఇంట్లో దీపం వెలగకూడదు. అగరొత్తి కూడా వద్దు. వంట ఎలాగూ కరెంటు పొయ్యి మీదే.

"ఆకరి రోజు కూడానా?"

"ఆఖరి రోజు కూడా."

ఆఖరి రోజు దాలమ్మ ఏడాది.

పలక రోజు 312

మా ఆయనకు మొన్నా నిన్నా చెప్పలేకపోయాను. ఇవాళ అన్నం పెట్టి చెప్పాను. ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"దీపమాపేత్తావా? ఏడాది తిరక్కుండానే?"

"కోర్టోళ్ళు సెప్పారు."

"కోర్టోళ్ళకేటి తెలుసు? మన గుంట, దాలమ్మ, సీకట్లో దారెలా ఎతుక్కుంటాదే?"

"కేసు కూడా దానిదే కదా."

"ఆ బట్టీ ఆగిపోతే మనవేటి తింటామని నిన్ను ఒక్కనాడైనా అడిగానా? అడగలేదు. ఇయ్యాలా అడగను. దీపం గురించి అడుగుతున్నాను. దానికి సమాదానం సెప్పు."

దీపం దాలమ్మదే. కేసూ దాలమ్మదే. ఒకటి ఉంచితే ఒకటి పోతుంది. బతికుంటే అడిగేదాన్ని, ఏది కావాలే నీకు అని.

తెలిసినంత మటుకు దానికి దీపాల మీద పెద్ద పట్టింపు లేదు. కిటికీ రెక్క మీద వేలితో గీసి, నల్లగా అయిన వేలు నా మొహం ముందు పెట్టేది. "అమ్మా, ఇది సూడు" అనేది. నేను చీర చెంగుతో ఆ వేలు తుడిచేసి, అన్నం తినమనేదాన్ని. రోజూ చూపించేది. రోజూ తుడిచేసేదాన్ని.

పలక రోజు 326

పలక మళ్ళీ బిగించారు. ఇవాళ మొదటి రోజు. పొద్దున్న స్నానం చేసి వచ్చి నా చెయ్యి దానంతట అదే నూనె సీసా మీదికి పోయింది. సీసా తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనకాల పెట్టాను. గూడు ఖాళీగా ఉంది. పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు నా చూపు అక్కడికే పోతోంది.

సాయంత్రం ఆరింటికి మా ఆయన కూడా వచ్చి నిలబడ్డాడు. మాట్లాడలేదు. అంకె వెలిగింది. 71.

దీపం లేకుండానే డెబ్బై ఒకటి. నాకు సంతోషం వేసింది. నా వత్తి వల్ల కాదు, అది బట్టీ మసే అని తేలింది కదా. మా ఆయన ఆ అంకె వైపు, తన చేతుల వైపు చూసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అతని చేతులు ఎంత కడిగినా గీతల్లో నలుపు ఉంటుంది. నేను సంతోషపడిన సంగతి అతనికి తెలిసిపోయిందేమో అని సిగ్గేసింది.

గాలి పడమర. వాన లేదు. పలక దగ్గర ఎవరూ ఏమీ చేయలేదు. ఇది నిజం.

పలక రోజు 333

ఇవాళ నేనొక పని చేశాను.

ఇవాళ దాలమ్మ పుట్టినరోజు. మధ్యాహ్నం మా ఆయన పనిలో ఉన్నాడు. పక్క గదిలో తలుపు వేసి, అన్నం వండే పెద్ద గిన్నె తిరగేసి, దాని కింద దీపం పెట్టాను. గాలి ఆడేలా గిన్నెని ఒక పక్క పుల్ల పెట్టి కాస్త ఎత్తాను. గిన్నె కింద నుంచి వెలుగు సన్నగా నేల మీద పడింది. ఆ వెలుగులో కాసేపు కూర్చున్నాను. పొగ బయటికి రాదనుకున్నాను. గిన్నె ఎత్తి చూస్తే లోపలంతా నల్లగా ఉంది. గది నిండా వత్తి వాసన. కిటికీ తెరిచాను. తెరిచాక గుర్తొచ్చింది, కిటికీకి పలక మూరెడు దూరం.

అంకె 76 వచ్చింది. ఇది రాయకపోతే ఎవరికీ తెలియదు. పుస్తకం మూసి రెండుసార్లు పక్కన పెట్టాను. కానీ ఇది దాలమ్మ సాక్ష్యం. దాని నోట్లో అబద్ధం పెట్టలేను. రాశాను. విశాలాక్షి గారికి ఫోను చేసి చెప్పాను కూడా.

ఆవిడ తిట్టలేదు. "ఈ రోజు పోయినట్టే. మొత్తం మీద పది రోజులు పోవచ్చు. ఇంకా తొమ్మిది ఉన్నాయి" అన్నారు. ఫోను పెట్టేసే ముందు, "పుట్టినరోజుకి ఏం వండారు?" అని అడిగారు. చిట్టిగారెలు అన్నాను. దాలమ్మకి అవే ఇష్టం.

పలక రోజు 341

పదహారు రోజులు. రెండు పోయాయి. ఒకటి నేను చేసింది, ఒకటి సముద్రపు గాలి కొట్టిన రోజు. పద్నాలుగు దాటాయి.

పక్కింటి ముత్యాలు నాతో మాట్లాడటం మానేసింది. దాని మొగుడు అప్పలకొండ బట్టీలో మంట చూస్తాడు. ఎండతో కరెంటు చేసే అద్దాలు పాడైపోతే ఓడల్లో దేశమంతటి నుంచి మా దిబ్బకే వస్తాయి. వాటి వీపున ఉన్న ప్లాస్టిక్ కాలిస్తే లోపల వెండి మిగులుతుంది. ఆ మంట ఎర్రగా ఉండాలా, పసుపుగా ఉండాలా చెప్పేది అప్పలకొండే. ముత్యాలు, నేను ఒకే నెలలో ఈ వరసకి కాపురానికి వచ్చాం. దాని కూతురి పురుడు నా చేతుల మీదే జరిగింది. అప్పుడు పుట్టిన మనవరాలికి ఇప్పుడు ఆరో నెల.

ఇవాళ బియ్యం ఇచ్చే చోట వరసలో నా వెనకాలే ఉంది. నాతో కాదు, పక్కావిడతో అంటోంది.

"కోర్టు తల్లికి దారియ్యండే. ఆవిడ పలక నిండితే మన కంచాలు కాళీ అవుతాయి. ఇయ్యాలే నాలుగ్గింజలు తీసుకోండి."

నేను వెనక్కి తిరిగాను. "నీ మనవరాలు దగ్గుతోందే ముత్యాలూ. నిన్నంతా నాకినిపిస్తానే ఉంది."

"దగ్గితే దగ్గనీ. ఆకలికి ఏడవట్లేదు కదా."

అనేసి తనే మొహం తిప్పుకుంది. నేను నా బియ్యం పట్టించుకుని వచ్చేశాను. అది చెప్పిందీ అబద్ధం కాదు.

గాలి పడమర. వాన లేదు. పలక దగ్గర ఎవరూ ఏమీ చేయలేదు. అంకె 80.

పలక రోజు 352

ఆరు రోజుల నుంచి వాన. అంకెలు 12, 9, 15, 8, 8, 11. ఆరు రోజులూ పోయాయి. మొత్తం ఎనిమిది.

మూడో రోజు వీధిలో పిల్లలందరూ ముక్కుగుడ్డలు విప్పి గోడ మీద ఆరేసి తడిసిపోతూ గెంతులేశారు. బడిలో పిల్లలకి రోజుకి ఒక గంట మంచిగాలి గదిలో కూర్చోబెడతారు. వాన వస్తే వీధంతా మంచిగాలి గదే. దాలమ్మకీ అందుకే వాన ఇష్టం. చూరు కింద నిలబడి నోరు తెరిచి గాలి తాగేది. "అమ్మా, గాలికి రుసుంటాది తెల్సా?" అనేది.

నేను గుమ్మంలో నిలబడి వానను తిడుతున్నాను. ఆగిపో, ఆగిపో అని పళ్ళు కొరుకుతూ తిడుతున్నాను. ముత్యాలు మనవరాలు మూడు రోజుల నుంచి దగ్గలేదు. అది తెలిసి కూడా తిట్టాను.

నా కూతురు దేని కోసం అల్లాడిపోయిందో దాన్నే నేను పోపొమ్మంటున్నాను. మసి పడాలని మొక్కుకుంటున్నాను. నాకేమైనా మతి పోయిందా అని విశాలాక్షి గారిని అడిగాను. ఆవిడ, "చట్టం అలా ఉందమ్మా. గాలి బాగుపడాలంటే ముందు బాగా లేదని రుజువు కావాలి" అన్నారు. మాట అర్థమైంది. మనసుకి ఎక్కలేదు.

పలక రోజు 359

నిన్న, ఇవాళ బట్టీ ఆపారు. లోపలి ఇటుకలు మారుస్తున్నారట. అంకె 41, 33. మొత్తం పది పోయాయి. ఇంక ఒక్కటి కూడా పోకూడదు. మిగిలిన ఆరు రోజులూ దాటాలి. అందులో ఆఖరిది ఏడాది.

మా ఆయనకు ఈ రెండు రోజులూ పని లేదు. ఇంట్లో ఉండటం చేతకాక చెమ్మ యంత్రం విప్పి మళ్ళీ బిగించాడు. జల్లెడ కడిగాడు. నీళ్ళు కాస్త తెల్లగా వస్తే, ఆ చెంబు పట్టుకొచ్చి నాకు చూపించాడు. చూపించి, మొక్కకి పోసేశాడు.

పలక రోజు 364

ఐదు రోజులు దాటాయి. 68, 74, 70, 66, 69. ఇరవై తొమ్మిది అయ్యాయి. ఒక్కటి చాలు.

సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పకుండానే నన్ను లోపలికి పిలిచాడు.

"రేపు గాలి సముద్రం మీంచి కొడతాదంట. కంపెనీ మైకులో సెప్పారు."

గోడకి ఆనుకుని కూర్చున్నాను.

"ఇనుకో. అప్పలకొండతో మాటాడతాను. తడిసిన సరుకుంది, వానలో నానిపోనాది. అది రెండు బళ్ళు ఎక్కువేత్తే సాలు. పొగ నల్లగా లేత్తాది. గాలెటు కొట్టినా మన గుమ్మానికి దిగుతాది."

"నువ్వేనా ఈ మాటంటున్నావు? దీపమాపొద్దని కొట్లాడినోడివి."

"దీపవూ ఆపేసి, కేసూ పోతే? రెండూ పోతే దాని మొకం నానెలా సూత్తానే?"

చెప్పొద్దూ, సరే అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఒక్కటే కదా అనుకున్నాను. అప్పుడు గోడ అవతల పాప దగ్గింది. పొడి దగ్గు. దాలమ్మకి మొదట్లో అలాగే ఉండేది.

"ఒద్దు" అన్నాను.

"ఎందుకే?"

"అది బట్టీ ఏసిన మసి కాదు, మనవేసిన మసైపోతాది. మళ్ళీ నా దీపం లాగే. ఏది ఎవరిదో సెప్పలేకుండా పోతాది."

మా ఆయన చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కున్నాడు.

అతను అన్నది కూడా ఇందులో రాస్తున్నాను. అతని తప్పు లేదు. ఎవరూ ఏమీ వేయలేదు.

పలక రోజు 365

పొద్దున్నే సముద్రపు గాలి. ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. అంత నీలం ఈ ఏడాదిలో నేను చూడలేదు. చూసి ఏడుపొచ్చింది.

ఏడాది కర్మ చేయించే దాసరి తాత వచ్చాడు. దీపం లేదంటే గంట సంచిలో పెట్టేసుకున్నాడు. "దీపం నేని ఏడాది నానెక్కడా సెయ్యలేదమ్మా. రేపు మీ గుంట నన్నడిగితే ఏటి సెప్పమంటావు?" అన్నాడు. మా ఆయన తాత చెయ్యి పట్టుకున్నాడు. "దాని అమ్మే ఒద్దందని సెప్పు తాతా. దాని అయ్యా ఒప్పుకున్నాడని సెప్పు" అన్నాడు. తాత మళ్ళీ గంట బయటికి తీశాడు. చిట్టిగారెలు, అన్నం, పప్పు పెట్టాం. గూడు ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నానికి గాలి పడిపోయింది. ఆకు కదలడం లేదు. నీలం మెల్లగా బూడిద రంగులోకి దిగింది. మంచిదో చెడ్డదో నాకు తెలియలేదు. గుమ్మంలోనే కూర్చున్నాను.

నాలుగింటికి ముత్యాలు వచ్చింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఇన్నాళ్ళ తర్వాత మా గుమ్మం ముందు నిలబడింది. కాళ్ళకి ఇసక.

"నీ కూతురికి దీపమెట్టొచ్చానే" అంది.

నేను గబుక్కున లేచాను. "ఎక్కడే? ఎక్కడెట్టావు?"

"భయపడకు. నీ పలక కాడ కాదు. అల్లదిగో పాత జెట్టీ సివర, రాళ్ళ సందున. నీ పలకకి అందదు. ఏడాది పూట దీపం నేకుండా గుంట ఎలాగెల్తాదే? నాకు నిద్దర పట్టలేదు."

"నూనె?"

"నువ్వుల నూనే. పిసరంత ఆముదం ఏసాను. నువ్వేగా అందరికీ సెప్తావు." తర్వాత గొంతు తగ్గించి, "నా మీద కోపముంటే తరవాత తిట్టు. ఇయ్యాలొద్దు" అంది.

నేను దాని తడి కొంగు పట్టుకుని ఏడ్చాను. అదీ ఏడ్చింది. తర్వాత దానికి గారెలు పెట్టాను. ఉప్పు ఎక్కువైందని వంక పెట్టింది.

కోర్టు వారికి: పాత జెట్టీ చివర మా గుమ్మానికి మూడు వేల నూట పది అడుగులు. నేను, ముత్యాలు నడిచి లెక్కపెట్టాం. దీపం అక్కడ వెలిగింది. ఇక్కడ వెలగలేదు.

ఆరింటికి మూడో వరస అంతా మా గుమ్మం ముందే ఉంది. బట్టీలో పని చేసేవాళ్ళూ ఉన్నారు. అప్పలకొండ వెనకగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతనికి ఏం కావాలో అతని మొహం చూస్తే తెలియలేదు. మా ఆయన నా పక్కన నిలబడ్డాడు.

అంకె వెలిగింది. 63.

నేను చప్పట్లు కొట్టాను. ఎందుకు కొట్టానో తెలియదు, చేతులు వాటంతట అవే కొట్టేశాయి. నా ఒక్కదాని చప్పట్లే వినిపించాయి. అప్పుడు ముత్యాలు చంకలో పాప దగ్గింది. అందరూ విన్నారు. నా చేతులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

గాలి తూర్పు, తర్వాత లేదు. వాన లేదు. పలక దగ్గర ఎవరూ ఏమీ చేయలేదు.

పలక తీసిన రోజు

ఇది రాయాల్సిన అవసరం లేదట. పుస్తకం ఇచ్చేయమని పలక విప్పడానికి వచ్చినతను అడిగాడు. ఒక్క పేజీ రాసుకుంటానంటే గడప మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

నిన్న జడ్జి గారు తెర మీద తీర్పు చదివారు. దాలమ్మ పేరు రెండుసార్లు చదివారు. బట్టీ పొగ గొట్టానికి కొత్త వడపోత పెట్టి, అంకె అరవై లోపు వస్తుందని చూపించేదాకా బట్టీ వెలిగించకూడదు. ఎన్నాళ్ళు పడుతుందో ఎవరికీ తెలియదు. కంపెనీ పైకోర్టుకి పోతుందని కూడా అంటున్నారు. విశాలాక్షి గారు ఫోనులో నవ్వుతూ ఏడ్చారు. గెలిచామమ్మా అన్నారు. అవునన్నాను.

గొట్టం ఇవాళ ఖాళీగా ఉంది. మా ఆయన రెండుసార్లు వీధి చివరి దాకా వెళ్ళి దాన్ని చూసి వచ్చాడు. రేపు ఎక్కడ పని అడగాలో అప్పలకొండతో కలిసి ఆలోచిస్తున్నాడు. ముత్యాలు గోడ మీంచి, "ఏటి తింటామో తెల్దు గానీ, ఇది మాత్రం పొద్దున్నుంచి దగ్గలేదే" అని పాపని ఎత్తి చూపించింది. అది నన్ను మెచ్చుకుందో, తిట్టిందో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

పలకని వెనక చెక్కతో సహా ఊడదీశాక ఆ చోట గోడ తెల్లగా ఉంది. పలక బిగించే ముందు ఈ ఇంటికి సున్నం వేసిన రోజు ఎంత తెల్లగా ఉందో అంత తెలుపు. చుట్టూ ఉన్నది మా గోడ రంగే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అదంతా మసి అని ఇవాళే తెలిసింది. పలక విప్పినతను టీ గ్లాసు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. నేను ఆ తెల్లటి చోట వేలు పెట్టి, తర్వాత పక్కన నల్లటి చోట వేలు పెట్టాను. వేలు నా మొహం ముందు పెట్టుకుని చూశాను. ఈసారి తుడవలేదు.

బియ్యం డబ్బా వెనక నుంచి సీసా తీశాను. గూట్లో దీపం పెట్టాను. ఏడాది అయిపోయింది, ఇంక పెట్టక్కర్లేదు అన్నాడు మా ఆయన. అంటూనే అగ్గిపెట్టె తెచ్చిచ్చాడు. పొగ సన్నగా లేచి గోడ మీద ఆ తెల్లటి చోట వెంట్రుకంత గీత పడింది. దీపం జరపాలా, అక్కడే ఉంచాలా అని కాసేపు చూశాను. అక్కడే ఉంచాను.

గాలి తూర్పు. వాన లేదు. అంకె లేదు.

పలక దగ్గర ఎవరైనా ఏమైనా చేశారా: చేశాను. దీపం పెట్టాను. నువ్వుల నూనె, పిసరంత ఆముదం. పెట్టింది సన్యాసమ్మ, దాలమ్మ తల్లి.